మేట వేసే నది

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ముందు ఈ గాజు సీసా చూడండి. ఇందులో రెండు గుప్పెళ్ల మట్టి వేసి, మెడ దాకా నీళ్లు పోశాను. మూత బిగించి గట్టిగా కుదుపుతున్నాను. ఇక దీన్ని ముట్టుకోను. టేబుల్ మీద అలా ఉండనిద్దాం. మనం మాట్లాడుకుంటూ ఉంటే అది తన పని చేసుకుపోతుంది.

నది అనగానే చాలామందికి కోత గుర్తొస్తుంది. లోతైన లోయలు, జలపాతాలు, గ్రాండ్ కాన్యన్ ఫొటోలు. కోత ఫొటోకి బాగుంటుంది. మేటకి ఆ గ్లామర్ లేదు. చదునుగా, బురదగా, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. కానీ నైలు ఒడ్డున గానీ, యూఫ్రటీస్ ఒడ్డున గానీ, సింధు ఒడ్డున గానీ మనిషి తొలిసారి పెద్ద ఊళ్లు కట్టుకున్న నేలంతా నది మోసుకొచ్చి పోసిందే. అందుకే ఈ సాయంత్రం నా ఓటు మేటకే.

ఇందులోనూ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నది మేట వేస్తుందని అందరికీ తెలుసు. ఆ మేట తిరిగి నదినే పక్కకి నెడుతుందన్న సంగతి అంతగా పట్టించుకోం. నది తను పోసిన మట్టికే తను అడ్డుపడి దారి మార్చుకుంటుంది. మార్చుకున్న చోట మళ్లీ పోస్తుంది. ఇవాళ నేను చూపించే భూరూపాలన్నిటి వెనకా ఉన్నది ఈ తంతే.

మట్టి నీళ్లతో ఎలా ప్రయాణిస్తుందో ముందు చూద్దాం. కొంత నీటిలో కరిగిపోయి కంటికి కనపడకుండా వెళ్తుంది, దాని సంగతి ఇవాళ వదిలేద్దాం. సన్న మట్టి సుడులలో తేలుతూ పోతుంది. వరద నీటికి ఎర్రరంగు తెచ్చేది అదే. ముతక ఇసుక, గులకరాళ్లు ఏటి అడుగున దొర్లుకుంటూ, గెంతుకుంటూ వెళ్తాయి. 19వ శతాబ్దపు ఇంజనీర్లకి ఒక మోటు లెక్క ఉండేది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుంది. ఉజ్జాయింపు లెక్కే గానీ, వాగు ఎండిపోయాక మధ్యలో కనిపించే ఏనుగంత బండని అక్కడిదాకా ఎవరు తెచ్చారని ఆశ్చర్యపోయినవాళ్లకి అందులో జవాబు ఉంది. మామూలు రోజుల్లో కదలని బండ, ఏ పదేళ్లకో వచ్చే వరదలో కదులుతుంది.

ఇప్పుడు ఒకసారి సీసా చూడండి. అడుగున ఇసుక అప్పుడే పరుచుకుంది. 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త దీనికి సూత్రం కట్టాడు. రేణువు వ్యాసం పదో వంతుకు తగ్గితే అది నీటిలో దిగే వేగం వందో వంతుకు పడిపోతుంది. కదలని నీటిలో ఒక మీటరు లోతు దిగడానికి 0.1 మిల్లీమీటరు సన్న ఇసుక రేణువుకి సుమారు 2 నిమిషాలు పడుతుంది. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకి 3 గంటలు. 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకి దాదాపు 13 రోజులు! అదీ నీళ్లు అస్సలు కదలకుండా ఉంటే. నదిలో నీళ్లు కదలకుండా ఉండేదెప్పుడు? అందుకే ఇసుక మధ్యలోనే దిగిపోతుంది, బంకమట్టి సముద్రం దాకా టికెట్ తీసుకుంటుంది. నది ఎవరూ చెప్పకుండానే మట్టిని జల్లెడ పట్టినట్టు వేరు చేస్తుంది.

ఇంకో తమాషా ఉంది. స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త ఫిలిప్ యూల్‌స్ట్రోమ్ 1935లో ఫూరిస్ అనే చిన్న నది మీద పరిశోధన చేసి ఒక గ్రాఫ్ గీశాడు. ఏ సైజు రేణువుని కదపాలంటే ఎంత వేగం కావాలన్నది అందులో ఉంటుంది. రేణువు ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా లేస్తుందని మనం అనుకుంటాం. కాదు. అన్నిటికంటే తేలిగ్గా లేచేది ఇసుక. బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాటిని విడదీయాలంటే గులకరాయిని దొర్లించేంత వేగం కావాలి. ఒకసారి లేస్తే మాత్రం ఓ పట్టాన దిగవు. లేవడానికి ఒక వేగం, దిగడానికి ఇంకో వేగం. నది బుద్ధంతా ఈ రెంటి మధ్య తేడాలోనే ఉంది.

ఇక్కడ స్కూల్లో చదివిన ఒక పాఠాన్ని కొంచెం సరిచేయాలి. కొండల్లో నది పడుచుది, ఉరకలేస్తుంది. మైదానంలో ముసలిది, నెమ్మదిస్తుంది, అందుకే మేట వేస్తుందని చదువుకున్నాం కదా. వినడానికి ముచ్చటగా ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ 1953లో నదుల కొలతలన్నీ ముందేసుకుని చూస్తే, దిగువకి వెళ్లేకొద్దీ సగటు వేగం తగ్గడం లేదు. చాలాచోట్ల కొంచెం పెరుగుతోంది కూడా. కొండవాగు నురగలు కక్కుతూ పోతుంటే వేగం అనిపిస్తుంది గానీ, దాని శక్తిలో ఎక్కువ భాగం రాళ్లకి కొట్టుకోవడంలోనే ఖర్చవుతుంది. లోతైన నది నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది, కానీ దాని నీటిలో అడుగుకి రాసుకునేది కొంచెమే.

మరి రాళ్లు కొండల దగ్గరే ఎందుకు ఆగిపోతాయి? అడుగున ఉన్న రాయిని లాగే బలం వాలు మీదా లోతు మీదా ఆధారపడుతుంది. దిగువకి వచ్చేకొద్దీ లోతు పెరుగుతుంది నిజమే, వాలు మాత్రం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. కాబట్టి నదికి వయసైపోయిందనే కథ పక్కన పెట్టి, దాని పట్టు ఎక్కడ సడలుతుందో వెతకాలి. వాలు ఉన్నట్టుండి తగ్గే చోట సడలుతుంది. నీళ్లు గట్టు దాటి పొలాల మీదికి పరుచుకునే చోట సడలుతుంది. వంపు లోపలి వైపున, చివరికి నిలకడ నీటిలో కలిసే చోట కూడా. ఈ నాలుగు చోట్లకీ ఒకసారి వెళ్లొద్దాం.

మొదటిది కొండ పాదం. ఇరుకు లోయలోంచి నది ఒక్కసారిగా మైదానంలోకి వస్తుంది. వాలు తగ్గింది, గోడలు పోయాయి, నీళ్లు వెడల్పుగా పరుచుకుని పలచబడ్డాయి. మోసుకొచ్చిందంతా అక్కడే దించుతుంది. దించిన చోట ఎత్తు పెరుగుతుంది. వచ్చే వరదకి ఆ ఎత్తు మీదికి ఎక్కడం కంటే పక్కనున్న పల్లంలోకి జారడం సుఖం. అక్కడ పోస్తుంది, అదీ ఎత్తవుతుంది, ఇంకో పక్కకి జారుతుంది. ఇలా వేల ఏళ్లు ఊగితే విసనకర్ర పరిచినట్టు ఒక మేట తయారవుతుంది. అమెరికాలో డెత్ వ్యాలీ కొండల కింద ఇలాంటివి వరసగా కనిపిస్తాయి.

ఆ విసనకర్రల్లో మహా పెద్దది హిమాలయాల కింద కోసీ నది వేసినది. నేపాల్లో కొండలు దిగి బీహార్ మీదుగా గంగలో కలిసే ఈ నది, సుమారు 200 ఏళ్లలో వంద కిలోమీటర్లకి పైగా పడమటికి జరిగింది. 20వ శతాబ్దం మధ్యలో దానికి రెండు వైపులా కరకట్టలు కట్టారు. నది ఆగింది, మేట ఆగలేదు. అంతకుముందు వందల చదరపు కిలోమీటర్ల మీద పరుచుకునే మట్టి ఇప్పుడు రెండు కట్టల మధ్యే పడుతూ వచ్చింది, ఏటి అడుగు ఏటేటా లేచింది. 2008 ఆగస్టు 18న నేపాల్లోని కుసహా దగ్గర తూర్పు కట్టకి గండి పడింది. ఆ రోజు నదిలో ఉన్న నీళ్లు కట్ట తట్టుకోవాల్సిన నీటిలో ఆరో వంతు కూడా లేవు! అంటే అది మహా వరద కాదు. నది ఎత్తు మీద ఉంది, చుట్టుపక్కల నేల పల్లంలో ఉంది, ఎక్కడో ఒకచోట కట్ట వదిలింది, అంతే. తూర్పున ఎప్పుడో వదిలేసిన పాత దారుల్లోకి నది తిరిగి వచ్చింది. ఆ దారుల మీద అప్పటికి ఊళ్లున్నాయి. లక్షలమంది ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ఇక రెండో చోటు, గట్టు. నది పక్కన నేల పల్లంగా ఉంటుందా, దూరంగా పల్లంగా ఉంటుందా? ఎవరైనా చెప్తారా? (సభలో ‘పక్కనే పల్లం’ అన్న మాటలు.) అందరూ అలాగే అంటారు. వరద మైదానంలో సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది: పక్కన ఎత్తు, దూరంగా పల్లం. వరద నీరు గట్టు దాటగానే వేగం పడిపోతుంది కాబట్టి, ముతక మట్టి ఆ అంచునే దిగిపోతుంది. సన్న బురద దూరం వెళ్లి పలచగా దిగుతుంది. ప్రతి వరదకీ నది పక్కన ఒక పొర ఎక్కువ పడుతుంది. కొన్ని వందల వరదల తర్వాత నది తన గట్లు తనే కట్టుకుని ఉంటుంది. వాటి వెనకాల నీళ్లు ఎటూ పోలేని చిత్తడి నేల ఉంటుంది.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఇది కళ్లకి కట్టినట్టు కనిపించింది. 1718లో ఫ్రెంచివాళ్లు ఆ ఊరిని మిసిసిపీ నది సహజంగా కట్టుకున్న గట్టు మీద పెట్టారు. తర్వాత ఊరు పెరిగి, వెనక చిత్తడిలో నీళ్లు తోడేసి అక్కడా ఇళ్లు కట్టారు. 2005లో కత్రినా తుఫానుకి ఊరిలో ఎక్కువ భాగం మునిగిపోయినా, పాత ఫ్రెంచి క్వార్టర్ చాలావరకు పొడిగానే ఉంది. అది నదికి ఆనుకుని ఉంది, మునిగిన పేటలు దూరంగా ఉన్నాయి.

ఇదే కథ అతికి పోతే చైనాలో హ్వాంగ్ హో. పసుపు నది అంటాం. గాలి తెచ్చి పోసిన లోయెస్ అనే మెత్తటి మట్టి పీఠభూమిని కోసుకుంటూ వస్తుంది కాబట్టి, ఒకప్పుడు ఏడాదికి దాదాపు 160 కోట్ల టన్నుల మట్టి మోసేది. మైదానంలో అడుగు లేస్తుంటే జనం కట్టలు ఎత్తు చేశారు, అడుగు మళ్లీ లేచింది, కట్టలు మళ్లీ ఎత్తు చేశారు. శతాబ్దాల తరబడి ఈ పోటీ నడిచింది. కైఫెంగ్ నగరం దగ్గర నది అడుగే ఊరి నేల కంటే ఎన్నో మీటర్ల ఎత్తులో ఉంటుంది. నదిని తలెత్తి చూడాలన్నమాట. అలాంటి నదికి గండి పడితే నీళ్లు తిరిగి వెనక్కి ఎక్కవు. 1855లో షాన్‌డాంగ్ ద్వీపకల్పానికి దక్షిణంగా సముద్రంలో కలిసే నది, ఉత్తరానికి మళ్లి బోహాయ్ సముద్రంలో కలవడం మొదలుపెట్టింది. దాని మొగ, అంటే సముద్రంలో కలిసే చోటు, కొన్ని వందల కిలోమీటర్లు జరిగిపోయింది.

మూడో చోటు వంపులు. ఇంగ్లీషులో వీటిని మియాండర్ అంటారు. ఆ మాట టర్కీలో ఇప్పుడు మెండెరెస్ అని పిలిచే నది పాత గ్రీకు పేరు నుంచి వచ్చింది. ఆ నది వంకరలకే కాదు, మేటకీ గట్టిదే. దాని మొగ దగ్గర మిలెటస్ అనే పెద్ద రేవు పట్టణం ఉండేది. ఇవాళ ఆ శిథిలాల దగ్గర నిలబడితే సముద్రం కనపడదు. నది ఆ అఖాతాన్ని పూడ్చేసి తీరాన్ని కిలోమీటర్ల దూరం నెట్టేసింది.

నది ఎందుకు వంకరలు తిరుగుతుందన్నది ఐన్‌స్టీన్‌ని కూడా ఆకర్షించింది. 1926 జనవరిలో బెర్లిన్‌లోని ప్రష్యన్ అకాడమీలో దీని మీద మాట్లాడాడు. ఆయన ఉదాహరణ టీ కప్పు. ఆకులున్న టీని చెంచాతో గిర్రున తిప్పి ఆపండి. ఆకులు అంచుకి పోవాలి కదా? పోవు, అడుగున మధ్యలో కుప్పపడతాయి. తిరిగే నీరు అంచు వైపు ఎగదన్నుతుంది. కప్పు అడుగుకి రాసుకునే నీరు నెమ్మదిస్తుంది కాబట్టి దానికి ఆ తోపు చాలదు, అంచున పేరుకున్న నీటి ఒత్తిడి దాన్ని మధ్యకి నెడుతుంది. ఆకులు దాంతోపాటు వస్తాయి. నది వంపులోనూ ఇదే జరుగుతుంది. పైన వేగంగా పోయే నీరు బయటి గట్టుని గుద్దుతుంది. అడుగు నీరు ఇసుకని పట్టుకుని లోపలి గట్టు వైపు వస్తుంది. అక్కడ కోత, ఇక్కడ మేట. లోపలి మేట పెరిగేకొద్దీ నీటిని ఇంకా బయటికి నెడుతుంది, వంపు ఇంకా వంకరవుతుంది. న్యాయంగా చెప్పాలంటే ఈ వివరణ ఐన్‌స్టీన్ కంటే 50 ఏళ్ల ముందే, 1876లో జేమ్స్ థామ్సన్ ఇచ్చాడు. పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కి అన్నగారు. తమ్ముడి పేరు, ఐన్‌స్టీన్ పేరు మధ్య పాపం ఆయన పేరు నలిగిపోయింది. ఐన్‌స్టీన్ పెద్దకొడుకు హాన్స్ ఆల్బర్ట్ మాత్రం జీవితమంతా ఈ ఇసుక మీదే పనిచేశాడు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఏటి అడుగున రేణువు ఎప్పుడు లేస్తుందో సంభావ్యతతో లెక్కకట్టిన మనిషి.

నది సైజు ఏదైనా వంపులు కొలత తప్పవు. ఒక వంపు నుంచి మళ్లీ అలాంటి వంపుకి దూరం, నది వెడల్పుకి 10 నుంచి 14 రెట్లు ఉంటుంది. పిల్లకాలువలోనూ అంతే, మహానదుల్లోనూ అంతే.

వంపు మరీ ముదిరితే దాని మెడ సన్నబడుతుంది. ఒక వరదలో నది ఆ మెడని కోసుకుని అడ్డదారిన పోతుంది. పాత వంపు మూతులు మట్టితో మూసుకుపోయి గుర్రపునాడా ఆకారంలో చెరువు మిగులుతుంది. ఆక్స్‌బో సరస్సు అని చదువుకున్నది ఇదే. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ విక్స్‌బర్గ్. అమెరికా అంతర్యుద్ధంలో ఆ పట్టణం మిసిసిపీ వంపు మీద కూర్చుని ఉంది, దాని ఫిరంగుల కింద నుంచి పడవలు పోలేవు. వంపు మెడకి అడ్డంగా కాలువ తవ్వితే నదే అటు తిరుగుతుంది, పట్టణాన్ని తప్పించుకోవచ్చని ఉత్తరాది సైన్యం ప్లాన్ వేసింది. 1862లో మొదలుపెట్టి, 1863లో జనరల్ గ్రాంట్ కూడా తవ్వించాడు. నది సహకరించలేదు, వదిలేశారు. యుద్ధం ముగిశాక, 1876 ఏప్రిల్‌లో నది తనంతట తనే ఆ మెడని కోసుకుని వెళ్లిపోయింది. నదీ రేవు విక్స్‌బర్గ్‌కి నది లేకుండా పోయింది! తర్వాత యాజూ అనే మరో నదిని మళ్లించి, 1903కి గానీ పట్టణం ముందుకి మళ్లీ నీళ్లు తెచ్చుకోలేకపోయారు.

నాలుగో చోటు సముద్రం. ఇక్కడ ఉప్పు కూడా చెయ్యేస్తుంది. 13 రోజులైతే గానీ దిగనన్న బంకమట్టి రేణువులు ఉప్పునీళ్లు తగలగానే ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి, ముద్దలు తొందరగా దిగుతాయి. నది మొగలో ఇలా ఒక తిప్ప లేస్తుంది. నది దాన్ని చుట్టి రెండు పాయలవుతుంది. ప్రతి పాయ మొగలోనూ ఇంకో తిప్ప. పాయల మధ్య నిలిచిన నేలకి తెలుగులో లంక అని చక్కటి మాట ఉంది. గోదావరి ధవళేశ్వరం దిగాక గౌతమి, వసిష్ఠ అని చీలడం మనకి తెలిసిందే. ఆ డెల్టాకీ పక్కనే కృష్ణా డెల్టాకీ మధ్య, రెండు నదుల మట్టీ పూర్తిగా నింపకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు.

డెల్టా ఆకారాన్ని నది ఒక్కటే తేల్చదు. అలలు బలంగా ఉంటే ముందుకొచ్చిన మట్టిని ఒడ్డు వెంట పరిచేసి అంచుని గుండ్రంగా దిద్దుతాయి. నైలు డెల్టా అలాంటిది. గంగా బ్రహ్మపుత్రల మొగల్లో ఆటుపోట్లదే పెత్తనం, అందుకే సుందర్‌బన్స్‌లో అన్ని క్రీకులు, అంటే సముద్రపు పోటు ఎక్కిదిగే సన్న పాయలు. అమెజాన్ అంత మట్టి మోసినా సముద్రంలోకి పొడుచుకొచ్చిన డెల్టా కట్టలేకపోయింది. సముద్ర ప్రవాహం ఆ బురదలో పెద్ద వాటా వాయవ్యంగా గయానా తీరం వెంట లాక్కుపోతుంది. గంగా బ్రహ్మపుత్రల మట్టి సంగతి చెప్తే నమ్మరు. తీరం దాటిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. హిమాలయాల ముక్కలు భూమధ్యరేఖ దాటి పడుకున్నాయి.

డెల్టాలోనూ పాత తంతే. నది సముద్రంలోకి నేలని పెంచేకొద్దీ తన దారే పొడవవుతుంది. దారి పొడవైతే వాలు తగ్గుతుంది. పక్కన ఇంకో దగ్గరి దారి ఉంటుంది. మిసిసిపీ వెయ్యేళ్లకో, పదిహేను వందల ఏళ్లకో ఒకసారి ఇలా దారి మార్చుకుంటూ డెల్టాని ముక్కలు ముక్కలుగా కట్టింది. ఇప్పుడు మళ్లీ మారాల్సిన వేళ. అచఫలాయా అనే పాయ సముద్రానికి దగ్గరి దారి, నది అటు తిరుగుతానంటోంది. తిరిగితే న్యూ ఆర్లియన్స్ రేవు గతి ఏంటి? అందుకని 1963లో ఓల్డ్ రివర్ దగ్గర గేట్లు కట్టి, నీటిలో 30 శాతమే అటు వదులుతున్నారు. 1973 వరద ఆ కట్టడం కిందనుంచి కోసేసి దాదాపు పడగొట్టినంత పనిచేసింది. తర్వాత పక్కన ఇంకో కట్టడం పెట్టారు. ఎన్నాళ్లు ఆపుతారంటే నేను మాత్రం నది పక్షానే పందెం కాస్తాను.

నా టైమ్ దగ్గరపడింది. సీసా చూడండి: అడుగున ఇసుక, దాని మీద సన్న ఒండ్రు పొర, పైన నీళ్లు ఇంకా టీ రంగులోనే ఉన్నాయి. ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(శ్రోత: డ్యామ్ కడితే ఈ మట్టంతా ఏమవుతుంది సార్?)

మంచి ప్రశ్న. రిజర్వాయర్ అంటే నది దారిలో మనం పెట్టిన నిలకడ నీళ్లు. సముద్రం దగ్గర చేయాల్సిన పని నది అక్కడే చేసేస్తుంది, లోపల చిన్న డెల్టా కడుతుంది. దాన్నే మనం పూడిక అంటాం. ఆస్వాన్ హై డ్యామ్ 1970లో పూర్తయ్యాక నైలు ఒండ్రు దాని వెనకే ఆగిపోతోంది. డెల్టా దగ్గర అలలు మాత్రం తమ పని మానలేదు, రొసెట్టా దగ్గర నేల కిలోమీటర్ల కొద్దీ కొట్టుకుపోయింది. డెల్టా మట్టి దాని బరువుకి అదే కుంగుతూ ఉంటుంది, ఏటా కొత్త పొర పడితేనే నీటి పైన నిలుస్తుంది. మిసిసిపీ డెల్టా ఉన్న లూసియానా 1930ల నుంచి సుమారు 4,900 చదరపు కిలోమీటర్ల తీరభూమి పోగొట్టుకుంది. కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఎగువ డ్యామ్‌లు, కరకట్టలు అందులో పెద్దవి.

పూడిక తీయొచ్చు కదా అంటారు. హ్వాంగ్ హో మీద సాన్మెన్‌షా డ్యామ్‌లో 1960లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. కొద్ది ఏళ్లకే పూడిక ఎంతగా పెరిగిందంటే ఎగువన దాని ఉపనది వేయ్ అడుగు కూడా లేచింది. అడుగున తూములు తెరిచి డ్యామ్‌ని తిరగ్గట్టాల్సి వచ్చింది. అదే నది మీద షావోలాంగ్‌డీ డ్యామ్ నుంచి 2002 నుంచి కావాలనే పెద్ద ప్రవాహాలు వదిలి, దిగువ అడుగుని కోయిస్తున్నారు. డ్యామ్‌లతోపాటు ఎగువన మెట్లపొలాలు, చెట్లు కూడా కలిసి ఇప్పుడా నది మోసే మట్టిని పాత లెక్కలో ఐదో వంతుకి దించేశాయి.

అసలు డ్యామే తీసేస్తే? అదీ చేసి చూశారు. అమెరికా వాయవ్య మూలన ఎల్వా అనే చిన్న నది మీద రెండు డ్యామ్‌లుండేవి. 2011 నుంచి 2014 దాకా వాటిని కొంచెం కొంచెంగా పడగొట్టారు. దాదాపు వందేళ్లుగా వెనక ఆగిన మట్టి కదిలింది. కొన్నాళ్లు నది చిక్కటి బురదగా పారింది. మొగ దగ్గర అప్పటిదాకా గులకరాళ్లు తప్ప ఏమీ లేని ఒడ్డున కొత్త ఇసుక తిన్నెలు లేచాయి. వాటి మధ్య నది మళ్లీ పాయలు చీల్చుకుంటోంది.